నొప్పి అంతే ఉంది, అల చిన్నదైంది: మెదడు ఇచ్చే జవాబులో టైమింగ్ సంగతి

మా వాడకట్టులో ఒక పెద్దాయన ఉన్నాడు. నడుం వంగిపోయింది. పక్కకు చూడాలంటే తల తిరగదు, ఒళ్లంతా తిప్పాలి. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు బాయి నీళ్లు, తర్వాత బోరు నీళ్లు, రెండింటిలోనూ ఫ్లోరైడే తాగాడు. ఎముకలు గట్టిపడి, కీళ్లను పట్టి ఉంచే కట్లు కూడా ఎముకలా బిగుసుకుపోయి, మధ్యలో నరాలు నలిగితే వచ్చే నొప్పి ఆయనది. మొన్న ఏదో నరాల పరీక్ష చేయించుకొని వచ్చి మా గడపలో కూర్చున్నాడు.

"రిపోర్టుల ఏం లేదట బిడ్డా. మరి ఈ సలుపుడు ఏడికెళ్లి వస్తున్నది?" అన్నాడు.

పక్కనే ఉన్న మనవడు ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. తలకు తీగల టోపీ పెడతారట, నొప్పి ఎంత ఉందో తెర మీద గీతలో కనిపిస్తుందట. "తాతకు ఇది చేయిస్తే తెలిసిపోతది కదా అన్నా?" అని అడిగాడు.

ఆ పిల్లవాడికి అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. టోపీ నిజమే. గీత నిజమే. ఒంటికి చురుక్కుమన్నప్పుడు ఆ గీత లేచేదీ నిజమే. కానీ అది ఎంత ఎత్తు లేస్తుందన్నది నొప్పి ఎంత అన్నదాన్ని బట్టి మాత్రమే ఉండదు. ఆ నొప్పి ఎప్పుడు వచ్చింది, దానికి ముందు ఏమొచ్చింది, వస్తుందని ముందే తెలుసా అన్నవి కూడా దాన్ని పెంచుతాయి, తుంచుతాయి. ఈ సంగతి బయటపడింది టైమింగ్‌ను మార్చి చూసిన కొన్ని ప్రయోగాల వల్ల. అవి అర్థమైతే ఆ వీడియో దేన్ని చూపిస్తోందో, దేన్ని చూపించడం లేదో తేలిపోతుంది.

దెబ్బ సంకేతం వేరు, నొప్పి వేరు

చర్మంలో, కండరాల్లో, ఎముకల పైపొరలో సన్నటి నరాల కొసలుంటాయి. మరీ వేడి తగిలినా, మరీ ఒత్తిడి పడినా, దెబ్బతిన్న కణాల నుంచి రసాయనాలు కారినా ఇవి విద్యుత్ సంకేతాలు పంపుతాయి. దీన్ని ఈ వ్యాసం వరకు 'దెబ్బ సంకేతం' అందాం. నొప్పి అంటే మనిషికి కలిగే అనుభవం. ఈ రెండూ మామూలుగా కలిసే వస్తాయి, ఎప్పుడూ కలిసే ఉండాలని లేదు. పత్తి ఏరే తొందరలో ఎండిన కాయ కొసలు వేళ్లను గీరి నెత్తురు వచ్చినా, సాయంత్రం చేతులు కడుక్కునేదాకా తెలియని రోజులుంటాయి. అక్కడ సంకేతం ఉంది, నొప్పి లేదు. ప్రమాదంలో కాలు తీసేసిన మనిషికి లేని పాదంలో పోటు వస్తుంది. అక్కడ నొప్పి ఉంది, సంకేతం పంపడానికి పాదమే లేదు.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చి, 2020లో సవరించిన నిర్వచనం కూడా నొప్పిని ఒళ్లూ మనసూ కలిసి పడే బాధాకరమైన అనుభవంగానే చెబుతుంది. కణజాలం నిజంగా దెబ్బతిని ఉండాలన్న షరతు అందులో లేదు. తనకు నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని దాని వివరణలో స్పష్టంగా ఉంది.

ఒక్క పెనం, రెండు మంటలు

మా అమ్మ జొన్న రొట్టె చేసేటప్పుడు ఒకరోజు పక్కనే కూర్చొని చూశాను. పిండి ముద్దను పీట మీద తట్టి, పెద్దగా చేసి, రెండు చేతులతో ఎత్తి పెనం మీద పరిచింది. తడి చేత్తో రొట్టె పైన నీళ్లు పూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే మణికట్టు పైభాగం పెనం అంచుకు తగిలింది. "స్స్" అని చెయ్యి లాక్కుంది. మళ్లీ పిండి అందుకోబోయి ఆగింది. అప్పుడు మొదలైంది అసలు మంట. చేతి మీద ఊదుకుంటూ, "మొదలు చురుక్కుమన్నది, ఇప్పుడు మండుతున్నది" అంది.

నరాల శాస్త్రం ఆ రెండింటికీ రెండు వేర్వేరు దారులు చూపిస్తుంది. తాకిడిని మోసే నరాలు మందంగా ఉంటాయి, వాటి మీద మంచి కొవ్వు తొడుగు ఉంటుంది. వాటిలో సంకేతం సెకనుకు సుమారు 50 మీటర్లు పోతుంది. చురుక్కుమనే నొప్పిని మోసేవి ఎ-డెల్టా నరాలు. పల్చటి తొడుగు ఉన్న ఈ నరాల్లో వేగం సెకనుకు 10, 15 మీటర్ల దగ్గర ఉంటుంది. మంటను, సలుపును మోసే సి నరాలకు తొడుగే లేదు, వేగం సెకనుకు ఒక మీటరు చుట్టుపక్కల.

మణికట్టు నుంచి మెడ దగ్గరి వెన్నుపాము దాకా సుమారు 70 సెంటీమీటర్లు అనుకోండి. పెనం తగిలిందన్న తాకిడి 0.014 సెకన్లలో వెన్నుపాముకు చేరుతుంది. సెకనుకు 12 మీటర్ల చొప్పున చురుకు 0.06 సెకన్లలో చేరుతుంది. మంటకు మాత్రం 0.7 సెకన్లు పడుతుంది. పాదానికి తుమ్మ ముల్లు దిగితే దూరం ఇంకా ఎక్కువ కాబట్టి రెండో నొప్పి ఒక సెకను దాటాకే వస్తుంది. దెబ్బ ఒక్కటే, వెన్నుపాముకు చేరే నొప్పి వార్తలు మాత్రం రెండు.

నెత్తి మీద నుంచి మెదడును వినడం

మెదడులోని కణాలు లక్షల సంఖ్యలో ఒకేసారి పని చేసినప్పుడు పుట్టే విద్యుత్తు పుర్రె దాటి నెత్తి చర్మం దాకా కొద్దిగా పారుతుంది. దాన్ని రాసుకోవడమే ఈఈజీ. మనిషి మెదడు నుంచి దీన్ని మొదట 1924లో రాబట్టి, 1929లో ప్రచురించినవాడు జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్. ఆ విద్యుత్తు ఎంత చిన్నదంటే, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లులో లక్షో వంతు తీసుకుంటే 15 మైక్రోవోల్టులు. నొప్పి పుట్టించే ఒక చురకకు నడినెత్తి మీద లేచే అల దాదాపు ఆ కొలతలోనే ఉంటుంది.

చిక్కేమిటంటే, మెదడు మామూలుగా చేసే గోల కూడా అంతే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే ఒకే చురకను చాలాసార్లు ఇచ్చి సగటు తీస్తారు. చురకకు వచ్చే జవాబు ప్రతిసారీ ఒకే సమయంలో వస్తుంది కాబట్టి నిలుస్తుంది. గోల ఎటుపడితే అటు ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. లెక్క ఇలా ఉంటుంది: గోల 20 మైక్రోవోల్టులు ఉంటే 25 సార్లు సగటు తీశాక అది 25కు వర్గమూలమైన 5వ వంతుకు, అంటే 4కు దిగుతుంది. 15 మైక్రోవోల్టుల అల అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది.

టైమింగ్ మొదటిసారి వేలు పెట్టేది ఇక్కడే. బండరాయి ఎత్తే కూలీలు 'ఐలేసా' అని ఒకే ఊపులో పట్టు పడితేనే రాయి లేస్తుంది. ఒకరు ముందు, ఒకరు వెనుక లాగితే అందరి బలమూ వృథా. సగటు సంగతి కూడా అంతే. ఒకసారి కిందికి దిగే అల 200 మిల్లీసెకన్ల (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు) దగ్గర, పైకి లేచే అల 350 దగ్గర వచ్చాయనుకుందాం. రెండోసారి జవాబు మొత్తం 150 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, కిందికి దిగే అల సరిగ్గా 350 దగ్గర పడుతుంది. అక్కడ ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండి రెండూ కొట్టేసుకుంటాయి. మెదడు రెండుసార్లూ గట్టిగానే జవాబిచ్చింది, సగటు గీత మాత్రం అక్కడ చదునుగా వచ్చింది.

అందుకే వేడి పలకలాంటి మెల్లగా కాలే పరికరాలు ఈ పనికి ఎక్కువ రావు. 1970ల నడుమ నుంచి లేజర్ వాడుతున్నారు. కొన్ని మిల్లీసెకన్ల పాటు పడే లేజర్ కిరణం చర్మాన్ని తాకకుండానే వేడి చేస్తుంది కాబట్టి తాకిడి నరాలు కదలవు, నొప్పి నరాలు మాత్రమే లేస్తాయి. ముంజేతి వెనుక పడితే సుమారు 160 మిల్లీసెకన్లకు ఒక చిన్న అల వస్తుంది, దాన్ని ఎన్1 అంటారు. 200 దాటాక నడినెత్తి మీద పెద్దది, ఎన్2. 300, 350 దగ్గర దానికి ఎదురుగా పైకి లేచేది పీ2. ఇక నుంచి 'అల' అంటే ప్రధానంగా ఈ ఎన్2, పీ2 జంట అనుకోండి.

లేజర్ బలం పెంచితే మనిషి చెప్పే నొప్పి పెరుగుతుంది, అల కూడా పెరుగుతుంది. ఇది చాలా ప్రయోగశాలల్లో, చాలాసార్లు కనిపించింది. దాంతో అల అంటే మెదడులో నొప్పి గీసిన బొమ్మే అన్న నమ్మకం చాలాకాలం సాగింది. ఫోన్లలో తిరిగే వీడియోల వెనుక ఉన్నది ఇప్పటికీ ఆ నమ్మకమే.

ఒక్కో సెకనుకు ఒక చురక, మొత్తం మూడు

ఆ నమ్మకాన్ని కదిలించిన ప్రయోగం 2008లో వచ్చింది. జియాన్‌డొమెనికో యానెట్టి, ఆయన తోటి శాస్త్రవేత్తలు చాలా తేలికైన పని చేశారు. ఒకే బలం ఉన్న లేజర్ చురకలను మూడేసి చొప్పున, సరిగ్గా ఒక సెకను ఎడంతో ఇచ్చారు. మూడింటికీ మనిషి ఎంత నొప్పి చెప్పాడు, మూడింటికీ మెదడు ఎంత అల చూపింది అని పక్కపక్కన పెట్టి చూశారు.

మనుషులు చెప్పిన నొప్పి మూడుసార్లూ దాదాపు ఒకటే. అల మాత్రం రెండో చురకకే బాగా పడిపోయింది, మూడోదానికీ చిన్నగానే ఉంది.

ఊరికే అర్థం కావడానికి అంకెలు వేసుకుందాం, ఇవి ప్రయోగంలోని కొలతలు కావు. మనిషి పదికి 5, 5, 5 అన్నాడు. తెర మీద అల 20, 9, 8 మైక్రోవోల్టులు. తెర చూసి నొప్పి చెప్పేవాడు రెండో చురకకు నొప్పి సగానికి తగ్గిందని రాస్తాడు. చెయ్యి చాపి కూర్చున్న మనిషికి మాత్రం ఏమీ తగ్గలేదు. మా పెద్దాయన రిపోర్టు విన్నప్పుడు నా మనసులో మెదిలింది సరిగ్గా ఇదే. పరికరం అబద్ధం చెప్పలేదు. అది ఏ ప్రశ్నకు జవాబిస్తోందో చదివేవాళ్లు చూసుకోవాలి.

నరం అలిసిపోయిందా, మెదడుకు తెలిసిపోయిందా?

దీనికి వెంటనే ఒక మామూలు వివరణ తోస్తుంది. కణాలు ఒకసారి పేలాక మళ్లీ సిద్ధం కావడానికి కొంత సమయం కావాలి. ఒక్క సెకను ఎడం వాటికి చాలలేదేమో. ఈ వాదన తీసిపారేసేది కాదు. దీనికి బలంగా ఇంకో పాత పరిశీలన కూడా ఉంది. పెనం తగిలినప్పుడు రెండు వార్తలు వస్తాయని చెప్పుకున్నాం కదా. నెత్తి మీద మాత్రం మొదటిదానికే అల కనిపిస్తుంది. సి నరాల మంట మనిషికి బాగా తెలుస్తున్నా దాని అల కనపడదు. ఎ-డెల్టా నరాలను పక్కన పెట్టి సి నరాలను మాత్రమే లేపితే అప్పుడు ఆ ఆలస్యపు అల బయటకు వస్తుంది. అంటే ముందొచ్చిన వార్త అరుగు మీద కూర్చుంటే వెనకొచ్చినదానికి చోటు దొరకడం లేదు. కణాల అలసటతో దీన్ని సులువుగానే చెప్పొచ్చు.

2010లో అదే బృందం ఈ వాదనను నేరుగా పరీక్షకు పెట్టింది. ఈసారి చురకలు రెండే. వాటి మధ్య ఎడం 250, 500, 1000 లేదా 2000 మిల్లీసెకన్లు. అయితే రెండు పద్ధతుల్లో ఇచ్చారు. మొదటి పద్ధతిలో ఒక విడత మొత్తం ఒకే ఎడం ఉంటుంది కాబట్టి రెండోది ఎప్పుడు పడుతుందో మనిషికి కొద్దిసేపట్లోనే తెలిసిపోతుంది. రెండో పద్ధతిలో ఎడాలను కలగాపులగం చేశారు. మధ్యమధ్యలో ఒక్క చురకతోనే ఆపేశారు కూడా. రెండోది వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో తెలియదు.

కణాల అలసటే కారణమైతే 250 మిల్లీసెకన్ల ఎడంలో రెండు పద్ధతుల్లోనూ అల పడిపోవాలి. అలా జరగలేదు. ఎడం ముందే తెలిసిన పద్ధతిలో రెండో అల చిన్నదైంది, ఎడం తగ్గేకొద్దీ ఇంకా చిన్నదైంది. ఎడం తెలియని పద్ధతిలో 250 దగ్గర కూడా రెండో అల తగ్గనే లేదు. మనుషులు చెప్పిన నొప్పిలో రెండు పద్ధతులకూ తేడా లేదు.

చేను కాడ పడుకునే రైతుకు ఇది వేరే విధంగా తెలుసు. రాత్రంతా బోరు మోటారు గుయ్యిమంటున్నా నిద్రపోతాడు. కరెంటు పోయి మోటారు ఆగగానే లేచి కూర్చుంటాడు. చెవి అలిసిపోలేదు, అలిసిపోయి ఉంటే ఆగిన సంగతే వినబడేది కాదు. మెదడు ఆ శబ్దాన్ని లెక్కలో వేసుకొని ఉంది, లెక్క తప్పగానే లేపింది. చురకల విషయంలోనూ అదే జరుగుతుంది. వరుసగా వస్తున్న వాటి రకం మారి, శబ్దాల వెనుక లేజర్ పడిందనుకోండి, అణిగిన అల మళ్లీ లేస్తుంది.

ఈ ప్రయోగానికీ ఒక పరిమితి ఉంది. 'కొత్తగా ఉండటం', 'ముందే తెలియకపోవడం' అనే రెండూ అందులో కలిసిపోయి ఉన్నాయి. అలను లేపేది వాటిలో ఏది, ఎంత అన్నది ఆ ఒక్క ప్రయోగంతో విడదీయలేం. అలసట వాదన మాత్రం ఈ అలకు సరిపోదని గట్టిగానే తేలింది.

ఆ అల నొప్పిదా, ఉలికిపాటుదా?

ఇక్కడి నుంచి శాస్త్రవేత్తలు రెండు పక్షాలయ్యారు. రెండు పక్షాల దగ్గరా బలమైన ఆధారాలున్నాయి.

పాత పక్షం మాట ఇది: నొప్పి కలిగినప్పుడు మెదడులో కొన్ని చోట్లు కలిసి వెలుగుతాయి. ఇన్సులా, సింగ్యులేట్, స్పర్శను చూసే ప్రాంతాలు. వీటన్నిటినీ కలిపి నొప్పి అల్లిక అనుకోవచ్చు, నెత్తి మీది అల కూడా చాలావరకు వాటి నుంచే వస్తుంది. మామూలు పరిస్థితుల్లో అల ఎత్తూ నొప్పీ కలిసి నడుస్తాయి.

కొత్త పక్షం మాట ఇది: నడినెత్తి మీద అలాంటి అలను 1939లోనే పాలిన్ డేవిస్ శబ్దానికి చూసింది. వెలుగుకూ, తాకిడికీ కూడా వస్తుంది. 2009లో ఆంద్రె మూరో, యానెట్టి లేజర్ అలను శబ్దం, వెలుగు, మామూలు తాకిడి లేపే అలలతో పోల్చి, అందులో ఎక్కువ భాగం అన్ని ఇంద్రియాలకూ ఉమ్మడి అని చూపించారు. నొప్పికే ప్రత్యేకమైనది దాదాపు దొరకలేదు. 2011లో ఈ వాదానికి పూర్తి రూపం ఇచ్చారు: ఆ అల్లిక పని ఒంటికి సంబంధించి 'ఇటు చూడు, ఇది ముఖ్యం' అని మెదడును లేపడం. 2016లో మరో ఆధారం వచ్చింది. పుట్టుకతోనే నొప్పి తెలియని ఇద్దరికి పదునైన పొడుపులు ఇచ్చి మెదడు స్కాన్ తీస్తే, 'నొప్పి అల్లిక' మామూలు మనుషుల్లో లాగే వెలిగింది. వాళ్లకు నొప్పి అంటే ఏమిటో తెలియదు.

పాత పక్షం ఓడిపోయినట్టేనా అంటే, అలా అనలేం. 2012లో ఈ కొత్త పక్షం వాళ్లే కలిసి చేసిన పరిశోధనలో గామా అనే వేగమైన కంపనాలు స్పర్శ ప్రాంతం మీద కనిపించాయి. చురకలను మళ్లీమళ్లీ ఇచ్చి పెద్ద అల అణిగిపోయాక కూడా ఈ గామా మనిషి చెప్పిన నొప్పితోనే నడిచింది. అయితే గామా చాలా చిన్నది. నుదుటి, మెడ కండరాలు బిగిస్తే వచ్చే విద్యుత్తు కూడా అదే వేగంలో ఉంటుంది కాబట్టి కలగలిసే ప్రమాదం ఎక్కువ. నొప్పికి మొహం ముడుచుకోని మనిషి ఎవరు? 2013లో టోర్ వేగర్ బృందం స్కాన్‌లో ఒక్కో చోటును విడిగా చూడకుండా మొత్తం మెదడులోని నమూనాను చూసి, నొప్పి పుట్టించే వేడిని మామూలు వెచ్చదనం నుంచి విడదీయగలిగింది. అంటే చోట్లు ఉమ్మడివైనా, వాటి కలయికలో నొప్పి గుర్తు ఉండొచ్చు. మాట రాని పసిపిల్లల్లోనూ ఈ పని సాగుతోంది. పరీక్ష కోసం మడమ మీద సూది గుచ్చినప్పుడు వచ్చే ఈఈజీ జవాబు ఆధారంగా, మందు పని చేసిందా లేదా చూడొచ్చని 2017లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు.

నా మట్టుకు, నడినెత్తి మీది పెద్ద అల విషయంలో కొత్త పక్షమే బలంగా కనిపిస్తోంది. 2010 నాటి ప్రయోగాన్ని ఇంకో విధంగా అర్థం చేసుకోవడం కష్టం. కానీ దాన్ని పట్టుకొని మెదడులో నొప్పికంటూ ఏదీ లేదనడం చాలా దూరం పోవడమే అవుతుంది. ఒక కొలతబద్దతో కొలవలేకపోయామంటే కొలవాల్సిందే లేదని అర్థం రాదు. పైగా ఆ అల పనికిరానిదేమీ కాదు. మామూలుగా చేసే నరాల పరీక్ష మందపాటి నరాలనే చూస్తుంది. సన్నటి నొప్పి నరాల దారి తెరిచి ఉందా, తెగిందా అని చూడటానికి లేజర్ అల మంచి సాధనం. అది దారిని పరీక్షిస్తుంది, ఆ దారిలో నడిచేవాడి బాధను కొలవదు.

అదే ఒక్క సెకను, వెన్నుపాములో తలకిందులుగా

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఈ భాగం. మెదడు పైపొరలో మళ్లీమళ్లీ వచ్చే చురకకు జవాబు తగ్గుతుంది. వెన్నుపాములో పెరుగుతుంది.

1960ల నడుమ లోర్న్ మెండెల్, పాట్రిక్ వాల్ పిల్లుల మీద చేసిన పనిలో ఇది బయటపడింది. సి నరాలను మూడు సెకన్లకు ఒకసారి కన్నా తొందరగా లేపుతూ పోతే వెన్నుపాము కణాల జవాబు ఒక్కోసారికీ పెద్దదవుతుంది. గడియారానికి కీ తిప్పినట్టు బిగుసుకుంటూ పోతుంది. మెల్లగా, చాలా ఎడంతో ఇస్తే ఇది జరగదు. కారణం కణాల ద్వారాల్లో ఉంది. ఎన్‌ఎండీఏ అనే ద్వారానికి మామూలుగా మెగ్నీషియం బిరడా ఉంటుంది. ఒక సంకేతం ఇచ్చిన కదలిక చల్లారకముందే ఇంకోటి వస్తే కణం మెల్లగా వేడెక్కినట్టై ఆ బిరడా ఊడుతుంది. ద్వారం తెరుచుకుంటే తర్వాతి సంకేతానికి జవాబు ఇంకా పెద్దది.

మనుషుల్లో దీన్ని చూడటానికి ఒక తేలిక పరీక్ష ఉంది. మొద్దుబారిన సూది కొసతో ఒకసారి పొడిచి నొప్పి ఎంత అని అడుగుతారు. తర్వాత అదే కొసతో సెకనుకు ఒకటి చొప్పున పది పొడుస్తారు. ఉదాహరణకు మొదటిదానికి 2 అని, పదింటికి కలిపి 4 అని చెబితే నొప్పి రెట్టింపు అయింది. ఒక్కో పొడుపు బలం మాత్రం పెరగలేదు.

లేజర్ చురకలు మూడింటికీ నొప్పి ఒకేలా ఉంది కదా, ఇక్కడ పెరగడమేమిటి అనిపించొచ్చు. అక్కడ మూడే చురకలు, ఇక్కడ పది. లేజర్ ప్రయోగాల్లో చర్మం ఒకేచోట కాలిపోకుండా కిరణాన్ని ప్రతిసారీ కొద్దిగా జరుపుతారు, సూదిని ఇంచుమించు ఒకేచోట పెడతారు. పరీక్ష తీరు చూడకుండా ఒక ఫలితాన్ని ఇంకోదాని మీద పెడితే పొరపాటే. ఏమైనా, సెకనుకు ఒకటి అనే ఒకే తాళం కింద అంతస్తులో బాధను పెంచుతుంటే, పై అంతస్తులో అలను అణుస్తుంటుంది. అల చిన్నదైందని నొప్పి తగ్గిందనుకునేవాళ్లు సరిగ్గా అది పెరిగే వేళలోనే తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

అల అణగని వాళ్లు

అందరిలోనూ అల ఒకేలా అణగదు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో, తలనొప్పి లేని రోజుల్లో కూడా, మళ్లీమళ్లీ వచ్చే లేజర్ చురకలకు, మినుకుమనే వెలుగులకు అల తగ్గకుండా అలాగే ఉంటుందని చాలా పరిశోధనల్లో కనిపించింది. ప్రతి చురకా ఆ మెదడుకు కొత్తదే అన్నట్టు. అయితే ఎవరు రోగి, ఎవరు కాదో కొలిచేవాళ్లకు తెలియకుండా చేసిన కొన్ని ప్రయోగాల్లో ఆ తేడా కనిపించలేదు. ఆ వివాదం ఇంకా తెగలేదు.

మొదలూ చివరా లేని నొప్పి

ఇప్పుడు మా వాడకట్టు పెద్దాయన దగ్గరికి వద్దాం. పైన చెప్పిన ప్రయోగాలన్నిటికీ ఒక సున్నా గడియ ఉంటుంది. లేజర్ పడిన క్షణం. అక్కడి నుంచి 200, 350 అని లెక్కపెడతాం. ఫ్లోరోసిస్ నొప్పికి ఆ సున్నా ఏది? ముప్పై ఏళ్ల కిందట మొదలై, పొద్దున లేచేసరికి ఉండి, రాత్రి పడుకున్నా ఉండే సలుపుకు సగటు తీయడానికి మొదలే లేదు. పైగా ఆ నొప్పి ఆయన మెదడుకు కొత్తది కాదు. అల లేవడానికి కావలసిన రెండు సంగతులూ ఆయనలో లేవు. నొప్పి మాత్రం ఉంది. తల మీద టోపీ పెట్టి, నడుంలో సలుపు ఉండగా ఈఈజీ తీస్తే, లేజర్ ప్రయోగాల్లో కనిపించే అల అందులో రాదు. రాలేదని నొప్పి లేదని రాస్తే అది అన్యాయం.

ఇది ఒక్కరి ఇంటి సంగతి అయితే ఇంత రాసేవాడిని కాదు. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారంటే ఈ నేల ఎంత పడిందో తెలుస్తుంది. మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడల్లో పింఛను కోసం, వైకల్యం సర్టిఫికెట్ కోసం వరుసలో నిలబడే మనుషులకు నొప్పిని కాగితం మీద చూపించమంటే ఏం చూపిస్తారు? మెదడు పరీక్షలతో దీర్ఘకాలిక నొప్పిని రుజువు చేయడం గురించి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఏర్పాటు చేసిన బృందం 2017లో స్పష్టంగానే చెప్పింది: ఒక మనిషికి నొప్పి ఉందా లేదా అని తేల్చడానికి, అతని మాటను పక్కన పెట్టడానికి వీటిని వాడే స్థాయి ఇంకా రాలేదు.

పరిశోధకులు మాత్రం ఆగలేదు. సున్నా గడియ లేని నొప్పిని పట్టుకోవడానికి టైమింగ్‌నే మరోలా వాడుతున్నారు. ఒక దారిలో, 2015లో వచ్చిన పనిలో చేతి మీద వేడిని పది నిమిషాల పాటు పెంచుతూ తగ్గిస్తూ ఉంచి, మనిషి తన నొప్పిని ఎప్పటికప్పుడు చెబుతుంటే ఈఈజీ రాశారు. అక్కడ నొప్పితో పాటు నడిచింది నుదుటి వెనుక భాగంలోని గామా. ఇంకో దారి బెల్జియంలో మూరో ప్రయోగశాలది. ఒక్కసారిగా చురక పెట్టకుండా, ఐదు సెకన్లకు ఒకసారి మెల్లగా ఎక్కి మెల్లగా దిగే వేడిని ఇస్తారు. మెదడులో ఆ ఐదు సెకన్ల లయలోనే ఊగే విద్యుత్తును వెతుకుతారు. ఉలికిపడేంత హఠాత్తుగా ఏదీ రాదు కాబట్టి ఉలికిపాటు అల పక్కకు తప్పుకుంటుంది. మెల్లగా నడిచే సి నరాల మాట, అంటే మంటా సలుపూ మోసే దారి మాట, అప్పుడు వినిపించే అవకాశం ఉంది.

అది ఆరోగ్యంగా ఉన్న మనుషుల చర్మం మీద, తెలిసిన వేడితో చేసిన పని. ఎముకల్లోంచి వచ్చే సలుపుకు అలాంటి లయ ఎవరూ పెట్టలేరు. మొన్న మనవడు మళ్లీ ఆ వీడియో తెరిస్తే ఈ సంగతంతా చెప్పాను. పెద్దాయన మొత్తం విని, "అంటే మిషన్‌కు కొత్త నొప్పి కావాలె. నాది పాతది" అన్నాడు.